ఊపిరి మీద పెట్టిన బొట్టు

నేను ఒక గేమింగ్ ల్యాప్‌టాప్‌ని. నా జాతిలో మిగతావాళ్ళ కంటే నాకు బరువెక్కువ, చప్పుడెక్కువ, ఒంట్లో వేడి మరీ ఎక్కువ. నన్ను కొన్నవాళ్ళందరూ నా వేగం చూసి ముచ్చటపడ్డారు, తర్వాత నా వేడి చూసి తిట్టుకున్నారు. ఆ వేగానికీ ఈ వేడికీ చుట్టరికం ఉందని చెబుదామంటే నాకు నోరు లేదు. ఉన్నదల్లా రెండు ఫ్యాన్లు.

ఎక్కడ పుట్టానో సరిగ్గా గుర్తులేదు. పొడుగాటి బల్ల, తెల్ల తొడుగులు వేసుకున్న చేతులు, ఒక్కొక్కరు ఒక్కొక్క మర బిగించి పక్కవాళ్ళకు తోసేయడం, అంతవరకే తెలుసు. ఆ చేతుల్లో ఒక జత నా లోపల రాగి గొట్టాలు పరిచి, వాటి చివర సన్నటి రాగి రేకుల దొంతర అమర్చింది. నా కింద ఉన్న చిల్లుల్లోంచి చల్లగాలి లోపలికి పోవాలి, వేడిని మోసుకుని వీపు వెనక చిల్లుల్లోంచి బయటికి రావాలి. నా బతుకంతా ఈ రాకపోకల మీదే ఆధారపడి ఉంది.

మొదట నన్ను కొన్నది విజయవాడ బెంజిసర్కిల్ దగ్గర ఫ్లాట్‌లో ఉండే సాకేత్ అనే కుర్రాడు. మంచివాడే. ఏసీ వేసుకుని, చలేస్తోందని రజాయి కప్పుకుని, ఆ రజాయి మీదే నన్ను పెట్టుకుని ఆడేవాడు. కింది చిల్లులన్నీ దూదిలో కూరుకుపోయేవి. గది చల్లగా ఉంది కదా, దీనికేం రోగం అని వాళ్ళమ్మతో అనేవాడు. గది చల్లగా ఉంటే చాలదనీ, ఆ చల్లదనం నా కడుపులోకి రావడానికి దారి ఉండాలనీ ఆ అబ్బాయికి తట్టలేదు. గట్టి బల్ల మీద పెట్టి ఉంటే సరిపోయేది. ఏడాది తిరక్కుండా విసుగెత్తి గవర్నర్‌పేటలో ఒక పాత సామాన్ల కొట్టుకు నన్ను ఇచ్చేశాడు.

అక్కడ నన్ను చూసింది ప్రసూన. పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ కంప్యూటర్‌లో బొమ్మల లోకాలు కట్టడం నేర్చుకుంటోంది. ఆటలో కనిపించే వీధులు, ఇళ్ళు, కొండలు ఎవరో ఒకరు కట్టాలి కదా, ఆ పని. దానికి నాలాంటి బలమైన యంత్రం కావాలి. కొనేముందు ఆ పిల్ల నా వీపు దగ్గర అరచెయ్యి పెట్టి, వేడిగాలి ఎంత జోరుగా వస్తోందో చూసింది. ఆ చూపు ఎక్కడిదో వాళ్ళ నాన్నని కలిశాక అర్థమైంది.

వాళ్ళ నాన్న పేరు వీరాంజనేయులు. ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళుగా లారీ రేడియేటర్లు బాగుచేసే మనిషి. ఆయన కొట్లో నీళ్ళతొట్టి ఒకటి ఉండేది. రేడియేటర్‌ని అందులో ముంచి గాలి పంపితే, చిల్లు ఉన్నచోట బుడగలు లేచేవి. అక్కడ ఆమ్లం రాసి, టంకం కరిగించి పూడ్చేవాడు. గొట్టంలో మడ్డి పేరుకుంటే నోరుపెట్టి ఊదేవాడు. ఆ ఆమ్లం పొగ, ఆ ఊదుడు ఏళ్ళ తరబడి ఆయన గుండెల్లోకి పోయాయి. నేను వెళ్ళేనాటికే ఆయనకు విడవని దగ్గు. దగ్గు రాగానే, ఇంట్లో ఏ మూలన ఉన్నా భార్య సామ్రాజ్యం, "కాసిని నీళ్ళు తాగవయ్యా" అని కేకేసేది. ఆయన తాగేవాడు కాదు. ఆవిడ మానేదీ కాదు.

దసరాకి ఆయుధపూజ వచ్చింది. కొట్లో శ్రావణాలు, సుత్తులు, బ్లోల్యాంపు కడిగి వరసగా పెట్టి, "అమ్మాయ్, నీ పనిముట్టు కూడా తెచ్చి పెట్టు" అన్నాడాయన. ఆ కొట్లో ఒక ఆచారం ఉంది. లారీకి పూజ చేస్తే బొట్టు అద్దానికి పెట్టడు, రేడియేటర్ ముఖానికి పెడతాడు. బండి ఊపిరి తీసుకునేది అక్కడే, దణ్ణం అక్కడే పెట్టాలి అంటాడు. నన్ను కూడా అటూ ఇటూ తిప్పి, అరచేత్తో తడిమి, గాలి ఎక్కడ పోతోందో ఎక్కడ వస్తోందో చిటికెలో కనిపెట్టేశాడు. పెద్ద చదువులు చదివినవాళ్ళకు కూడా అంత త్వరగా అంతుపట్టదు. కనిపెట్టి, సరిగ్గా ఆ చిల్లుల మీదే తడిపసుపు మెత్తి, గంధం పూసి, నిండుగా కుంకుమ అద్దాడు. పైనుంచి సాంబ్రాణి పొగ. ప్రసూన కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటోంది. నేను అప్పుడు నడుస్తూనే ఉన్నాను. ఆయన భక్తినంతా నా ఫ్యాన్లు లోపలికి పీల్చుకున్నాయి.

ఇంటికెళ్ళాక ఆ పిల్ల పైపైన తుడిచింది. లోపలికి పోయింది లోపలే ఎండిపోయింది. చలికాలమంతా ఏమీ తెలియలేదు.

మే నెలలో హైదరాబాద్‌లోని ఒక గేమ్ కంపెనీ ప్రసూనకు పరీక్ష పెట్టింది. నీకు బాగా తెలిసిన చోటు ఒకటి ఎంచుకో, ఆడేవాడు అందులో నడిచి తిరిగేలా కట్టు, మనుషులు మాత్రం ఉండకూడదు, పది రోజులు గడువు అన్నారు. ఉద్యోగం వస్తే నాన్న చేత ఆ పొగలో పని మాన్పించాలని ఆమె పట్టుదల. ఆ మాట ఎవరితోనూ అనలేదు గానీ, ఫైలుకు పెట్టిన పేరు 'నాన్న ఇక చాలు' అని నాకు తెలుసు. ఆమె కట్టింది వాళ్ళ నాన్న కొట్టునే. మసి పట్టిన గోడ, నీళ్ళతొట్టి, గోడకు ఆనించిన రేడియేటర్లు, అన్నీ. ఒక ఉదయమంతా కొట్లో కూర్చుని అక్కడి చప్పుళ్ళు కూడా ఫోన్‌లో పట్టుకొచ్చి నాలో పెట్టింది.

ఆరో రోజు, పట్టపగలు, రోహిణి కార్తె ఎండలో, నేను ఒక్కసారిగా ఆరిపోయాను. మళ్ళీ వెలిగించింది. పావుగంటకు మళ్ళీ ఆరిపోయాను. కావాలని చేయలేదు. ఒళ్ళు ఒక హద్దు మించి కాలితే నన్ను నేను ఆర్పుకోవాలని పుట్టుకలోనే నాకు నేర్పారు.

అప్పుడు మొదలయ్యాయి వైద్యాలు. కూల్‌డ్రింక్ సీసా మూతలు నాలుగు తెచ్చి నా నాలుగు మూలల కింద పెట్టింది ప్రసూన. అది మంచి పనే, కింద గాలి ఆడింది. టేబుల్ ఫ్యాన్ పెట్టింది. సెట్టింగుల్లోకి వెళ్ళి నా వేగానికి కళ్ళెం వేసింది. ఎవరో చెబితే ఎయిర్‌కూలర్ ముందు పెట్టింది, ఆ తేమగాలికి నాకు భయం వేసింది. సామ్రాజ్యం జాలిపడి ఫ్రిజ్‌లోంచి ఐసు పాలిథిన్ సంచిలో కట్టి తెచ్చి నా కిందికి తోసింది. రెండు నిమిషాల్లో నా పొట్ట చెమర్చింది. "అమ్మా, తియ్యవే, నీళ్ళు పోతే చచ్చిపోద్ది!" అని ప్రసూన పెట్టిన కేకకు ఆవిడ చేతిలో సంచి జారిపడింది. పాపం, జ్వరం వచ్చిన పిల్లకు చేసినట్టే చేసింది ఆవిడ.

సర్వీసు సెంటర్‌లో వారం పడుతుందన్నారు. గడువు రెండు రోజులే ఉంది. ప్రసూన నన్ను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నేను ఎందుకూ పనికిరానిదాన్నని నాకు మొదటిసారి సిగ్గేసింది.

"ఇలా తే అమ్మాయ్, విప్పుదాం," అన్నాడు వీరాంజనేయులు.

"లారీ కాదు నాన్నా ఇది. పిసరు తేడా వచ్చినా పోద్ది."

"వేడెక్కి ఆగిపోతోందంటున్నావ్. వేడెక్కి ఆగిపోయేవాటితోనే కదటే నేను బతికింది."

ఆమె ఆయన చేతుల వంక చూసింది. కాలిన మచ్చలు, కొంచెం వణుకు. నన్ను తెచ్చి ఆయన ముందు పెట్టింది.

ఆయన ఒక కాగితం మీద నా ఆకారం గీసి, ఏ మర ఎక్కడిదో అక్కడే కాగితానికి గుచ్చుతూ విప్పాడు. కింది పలక ఊడగానే బ్యాటరీ తీగ ముందు పీకమంది ప్రసూన, పీకాడు. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూసి, చిన్నపిల్లాడిలా అరిచాడు.

"ఒసే సామ్రాజ్యం, ఇటు రావే! దీని లోపల రేడియేటర్ ఉందే! రాగిదే!"

ముప్ఫై ఏళ్ళ పనితనం, చివరికి కూతురి పనిముట్టులో ఇంత చిన్నదై ఎదురుపడితే ఆయన ముఖం ఎలా వెలిగిందో నేను కింది నుంచి చూశాను. మరుక్షణం ఆ వెలుగు పోయింది. రేకుల మధ్య ఎర్రగా, పచ్చగా గడ్డకట్టిన పొర కనిపించింది. గోటితో గీరి, వాసన చూశాడు.

"ఇది నేను పెట్టిందేనమ్మా," అన్నాడు.

ప్రసూన ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆయనకు తేలికయ్యేదేమో.

అలవాటు కొద్దీ వంగి, రేకుల్లోకి ఊదబోయాడు. ఊపిరి రాలేదు. పెదాల దాకా కూడా రాలేదు. దగ్గు తెర కమ్మి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"కాసిని నీళ్ళు తాగవయ్యా," అంది సామ్రాజ్యం. ఆ రోజు తాగాడు.

తర్వాత సైకిల్ పంపు తెప్పించాడు. "ఫ్యాన్ తిరక్కుండా అగ్గిపుల్ల అడ్డం పెట్టు, జోరుగా తిరిగితే దాని ఇరుసు పోద్ది," అని చెబుతుంటే ప్రసూన పంపు కొట్టింది. తలకు రంగేసుకునే కుంచెతో ఆయన రేకు రేకూ దులిపాడు. చిప్‌కీ రాగి పలకకీ మధ్య వేడిని దాటించే బూడిదరంగు ముద్ద ఎండి పెళుసుబారింది. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో కొత్తది తెచ్చి, మెతుకంత పెట్టింది ప్రసూన. "ఇంతేనా, ఇంకాస్త పెట్టవే," అన్నాడాయన. "ఎక్కువైతే వేడి దిగదు నాన్నా," అంది. ఆయన తలూపాడు. ఎక్కువైతే ఏమవుతుందో అప్పటికే ఆయన నేర్చుకున్నాడు.

నేను మళ్ళీ వెలిగాను. కొత్తగా పుట్టినంత చల్లగా ఉన్నాను. గడువుకు అరగంట ముందు ప్రసూన తను కట్టిన కొట్టును కంపెనీకి పంపింది. పంపేముందు, మనుషులు ఉండకూడదన్నారు కదా అని, చప్పుళ్ళలో ఎక్కడో వెనక సన్నగా వినిపించే దగ్గును కత్తిరించేసింది. కత్తిరించని ఫైలు నాలోనే ఉండిపోయింది.

ఉద్యోగం వచ్చింది. వీరాంజనేయులు కొట్టు మూశాడు. ఆ దసరాకి ఇంట్లోనే పూజ చేసి, నా మూత మూలన చూపుడువేలి కొసతో చుక్కంత కుంకుమ పెట్టి, "ఇక్కడ పర్లేదా అమ్మా?" అని అడిగాడు. ప్రసూన తల పక్కకు తిప్పుకుని, పర్లేదంది. మాఘమాసంలో ఆయన పోయాడు. ఊపిరితిత్తుల్లో మడ్డి పేరుకుపోయిందని, దాన్ని తీసే పంపు లేదని డాక్టరు మాటల సారం.

ఇప్పుడు మేం ముగ్గురం హైదరాబాద్‌లో ఉంటున్నాం. ప్రసూనకు కంపెనీ కొత్త యంత్రం ఇచ్చింది. నేను సామ్రాజ్యానికి వచ్చాను. నా మూడో యజమాని ఆవిడ. నన్ను ఇంత బాగా చూసుకున్నవాళ్ళు ఇంకెవరూ లేరు. రెండు నెలలకోసారి కుంచెతో దులుపుతుంది. దుప్పటి మీద పెట్టనివ్వదు. ఆవిడకు నాతో ఉన్న పని ఒక్కటే.

తెల్లవారి, ఎండ ఎక్కకముందు, కిటికీ పక్కన గట్టిపీట మీద, ఆ నాలుగు సీసా మూతల మీద నన్ను పెడుతుంది. బాణం మీట నొక్కుకుంటూ, ప్రసూన కట్టిన ఆ కొట్లోకి, కత్తిరించని ఫైల్లోకి నడుస్తుంది. మసిగోడ దాటి నీళ్ళతొట్టి పక్కన ఆగుతుంది. అక్కడ బుడగల చప్పుడు వెనక, చాలా సన్నగా, ఆయన దగ్గు ఉంది. నేను వేడెక్కితే నా ఫ్యాన్లు హోరెత్తుతాయి, ఆ హోరులో అది వినిపించదు. అందుకే ఇన్ని జాగ్రత్తలు. నా వంతుగా నేనూ చేయగలిగింది చేస్తాను. ఆ కాసేపూ, పుట్టినప్పటి నుంచి వదలని నా ఊపిరిని బిగబట్టుకుంటాను.

దగ్గు వినిపిస్తుంది.

"కాసిని నీళ్ళు తాగవయ్యా," అంటుంది సామ్రాజ్యం.