బొటనవేలు

సునీత జొన్నరొట్టె పెనం మీద వేసిందో లేదో, భర్త శ్యాంసుందర్ ఆమె ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"సునీతా, ఏలు పెట్టు."

మూడేళ్లుగా ఇదే తంతు. వేళ్లకు పిండి అంటుకుని ఉంటే ఫోన్ తెరుచుకోదు కదా, అందుకని ఆమె బొటనవేలు పట్టుకుని లుంగీ అంచుతో తుడుస్తాడు. ఆ అంచుతోనే ఇందాక ముక్కు తుడుచుకున్నాడు మహానుభావుడు. ఛీ, ఎన్నిసార్లు కడుక్కున్నా ఆ జిడ్డు పోయినట్టే ఉండదు సునీతకు.

ఫోన్‌లో ఉన్న ఐదు వందల షేర్లు ఆమెవి. తల్లి చిలుకమ్మ కొత్తవాడలో ముప్పయ్యేళ్లు జంపఖానాలు నేసి, పోయేముందు సునీత పేర రాసిన చిన్న జాగ అమ్మి కొన్నవి. వాటి మీద నెలనెలా 'కిరాయి' తీస్తున్నానని చెప్పుకుంటాడు శ్యాంసుందర్. కవర్డ్ కాల్ అంటారు దాన్ని. నెలాఖరుకల్లా ఫలానా ధరకు మన షేర్లు తీసుకునే హక్కును ఇంకొకరికి అమ్మి, నాలుగు డబ్బులు పుచ్చుకోవడం. షేరు ఆ ధర దాటితే ఎంత పెరిగినా మనకు రాదు, అదే ధరకు ఇచ్చేయాలి. ఏ ధరకు అమ్మితే ఎంత మిగులుతుందో తన కూతురి పాత నోట్‌బుక్‌లో లెక్క కట్టేది సునీత. ముందర గదిలో దోస్తుల ముందు దాన్ని తన లెక్కగా అప్పజెప్పేది ఆయన. ఈసారి అడగనే లేదు.

"పదకొండు వందల నలభైకి పెడుతున్న. షేరుకు పద్దెనిమిది. కూసున్నకాడ తొమ్మిది వేలు," అని గుమ్మంలో నిలబడ్డ దోస్తు వెంకట్రాజానికి వినిపించేలా చెప్పాడు.

సునీత చెయ్యి ఆగిపోయింది. "మనం కొన్నది పన్నెండు వందల నలభైకి. రేటు మీ పదకొండు వందల నలభై దాటితే షేరుకు వంద పోతది. మీ తొమ్మిది వేలు తీసేసినా నలభై ఒక్క వేలు నష్టం. అమ్మ జాగ పోయె, ఇగ షేర్లు గూడ పోతయి."

"రొట్టె మాడుతున్నది, అది సూడు. నీకెందుకు గీ ఫికర్?"

వెంకట్రాజం నవ్వాడు. "వదినెకు గింత లెక్క ఎట్లొచ్చిందిరా? నువ్వే నేర్పినవా?"

"మరి?" అన్నాడు శ్యాంసుందర్, సిగ్గూ శరం లేకుండా.

ఇన్నేళ్లూ సునీత అలవాటు అనుకున్నది అలవాటు కాదు, ఒట్టి రోత. ఆయన మళ్లీ లుంగీ అంచు ఎత్తి చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి బిగించింది.

"తియ్యి," అన్నాడు. వేళ్లు విడదీయబోయాడు. పిండి జారింది తప్ప పిడికిలి విడలేదు. వెంకట్రాజం నేలకేసి చూశాడు.

"నేను తియ్య," అంది సునీత. ఇంకో చేత్తో తన ఫోన్ లాక్కుని బొడ్లో దోపుకుంది. తర్వాత అట్లకాడ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"రొట్టె మాడుతున్నది. తిప్పుండ్రి."