గెస్ట్ ఇచ్చిన అడ్రస్

ఒక కస్టమర్ వర్చువల్ మెషీన్, అంటే గెస్ట్, తప్పుడు మెమరీ అడ్రస్ ఇవ్వడంతో, దాన్ని నడిపే హైపర్‌వైజర్ ప్రోగ్రామ్ కూలిపోయింది. అదే సర్వర్ మీదున్న మిగతా కస్టమర్ల మెషీన్లూ ఆగిపోయాయి. ఆ కోడ్ సరిచేసే పని జగ్గయ్యపేటలో ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్న జీనత్‌కి వచ్చింది.

"కూలిన చోట అడ్రస్ సరైనదో కాదో చూసే చెక్ ఒకటి పెట్టి పంపించెయ్యమ్మా," అన్నాడు టీమ్ లీడ్ రాంబాబు ఫోన్లో.

"రేపు ఇంకోచోట కూలుద్దండి. గెస్ట్ ఇచ్చిన అడ్రస్‌ని మన సొంత అడ్రస్‌లాగే వాడేస్తున్నాం. దానికి కోడ్‌లో వేరే టైపు, ఇది వేరే రకమన్న గుర్తు, పెడతా. మెమరీ హద్దులు చూడకుండా వాడితే కంపైలరే ఒప్పుకోదు."

"అంత టైమ్ లేదమ్మా."

జీనత్ సరేనంది. చెక్ ఆ సాయంత్రమే పంపించి, మర్నాటి నుంచి గెస్ట్ అడ్రస్ వాడిన ప్రతిచోటా టైపు మార్చసాగింది. కంపైల్ చేస్తే, హద్దులు చూడని చోట్లన్నీ స్క్రీన్ నిండా తప్పులుగా వచ్చాయి. విసుగొచ్చినా ఒక్కొక్కటీ తెరిచి చూసింది. డిస్క్ కోడ్ దగ్గర ఆగిపోయింది. గెస్ట్ ఇచ్చిన అడ్రస్‌కి రాయాల్సిన డేటా పొడవు కలిపితే అంకె పరిమితి దాటి మళ్లీ సున్నా దగ్గరికి వస్తోంది. అక్కడున్న పాత చెక్ దాన్ని హద్దులోపలి చిన్న అంకె అనుకుని వదిలేస్తోంది. ఆ దారిన గెస్ట్ తన హద్దు దాటి, సర్వర్ సొంత మెమరీలోనే రాసెయ్యగలదు.

ల్యాప్‌టాప్ పట్టుకుని బస్సెక్కి నందిగామలో రాంబాబు ఇంటికి వెళ్లింది. అలాంటి అడ్రస్‌తో అతని ముందు టెస్ట్ నడిపితే పాత కోడ్ కూలింది. కొత్త కోడ్ గెస్ట్‌కి తప్పని చెప్పి నడుస్తూనే ఉంది.

రాంబాబు ఆమె ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు.

"ఇంకెంత మిగిలింది?"

"సగం పైనే ఉందండి."

"నెట్‌వర్క్ కోడ్ నాకివ్వు, నేను మారుస్తా," అంటూ తన ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాడు.