నలుగు పెట్టే చేతులు

రొయ్యల షెడ్డు నుంచి వచ్చాక వెంకటదుర్గ నేరుగా ఇంట్లోకి వెళ్ళేది కాదు. బోరింగు దగ్గర కూర్చుని చేతులు తోమేది. గిన్నెలు తోమినట్టే తోమేది. ముందు బట్టల సబ్బు, తర్వాత కొబ్బరిపీచు, ఆఖర్న నిమ్మచెక్క. షెడ్డులో పొద్దస్తమానం ఐసులో ఉన్న రొయ్యలకి తలలు తియ్యాలి. మధ్యమధ్యలో బ్లీచింగు నీళ్ళలో చేతులు ముంచాలి. అంత చేసినా రొయ్య వాసన గోళ్ళ సందుల్లో కాపురం పెట్టి కదిలేది కాదు.

వాసన పోవాల్సిందే. పదిహేను రోజుల్లో పక్కింటి లావణ్య పెళ్ళి.

మొగల్తూరు అవతల, సముద్రం వైపున్న ఆ పేటలో ఏ పిల్లని పెళ్ళికూతుర్ని చేసినా నలుగు పెట్టేది దుర్గే. పెసలు దోరగా వేయించి, తిరగలిలో మెత్తగా విసిరి, పసుపు కలిపి, నువ్వుల నూనెతో తడిపి మెడ నుంచి కాళ్ళ దాకా రుద్దుతుంటే పెళ్ళికూతుళ్ళకి కూర్చున్నచోటే నిద్ర ముంచుకొచ్చేది. దుర్గకి పిల్లల్లేరు. మొగుడు వెంకన్న కాకినాడ బోట్ల మీదకి వెళ్తే నెలకో, రెండు నెలలకో వచ్చేవాడు. లావణ్య పుట్టినప్పుడు కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది దుర్గే. ఆ పిల్లకి నలుగు తన చేతుల మీదుగానే జరగాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటోంది.

కానీ చేతులు మాట వినడం లేదు. ఇదివరకు ఎంత రాచినా ఏమీ అనేవి కావు. నలభై నాలుగేళ్ళు వచ్చిన ఈ ఏడాది మాత్రం వేళ్ళ సందుల్లో ఎర్రగా లేచి, అరచేతులు పగిలి, మీద పొట్టు రాలుతోంది. షెడ్డు మురికి లోపలికి దిగిందేమోనని ఇంకాస్త గట్టిగా తోమింది. ఇంకాస్త పగిలాయి.

ఆ సాయంత్రం లావణ్య తల్లి రత్నమాణిక్యం పెళ్ళి కబుర్లు చెప్పడానికి వచ్చింది. మాటల మధ్యలో దుర్గ మంచినీళ్ళ గ్లాసు అందించింది. రత్నమాణిక్యం గ్లాసు అందుకోబోయి ఆగింది.

"ఇదేంటి వదినా, చేతులిలా అయ్యాయి?"

"ఏం లేదు వదినా. ఐసు పడట్లేదు."

రత్నమాణిక్యం గ్లాసు తీసుకుంది గానీ నీళ్ళు తాగలేదు. పక్కన పెట్టేసింది. కాసేపు పందిరి గురించి, మేళం గురించి చెప్పి లేచింది. గుమ్మం దగ్గర ఆగి అంది: "నరసాపురం నుంచి మా అక్క వస్తోంది వదినా. నలుగు అదీ తను చూసుకుంటానంటోంది. నీకెందుకు శ్రమ."

"శ్రమేముంది?" అంది దుర్గ. ఆ మాట రత్నమాణిక్యం వీపుకి తగిలి కిందపడింది.

మర్నాడు షెడ్డు మానేసి సబ్‌సెంటరుకి వెళ్ళింది. నర్సమ్మ సత్యకుమారి దుర్గ చేతులు రెండూ పట్టుకుని వెలుగులో తిప్పి చూసింది. అలా ఎవరైనా తన చెయ్యి పట్టుకుని ఎన్నాళ్ళయిందో దుర్గకి గుర్తులేదు.

"రోజుకి ఎన్నిసార్లు కడుగుతావు?"

"లెక్కెవరు పెట్టారండి. దేంతో కడుగుతానో కూడా చెప్పమంటారా?" అంటూనే అన్నీ చెప్పింది.

"బట్టల సబ్బా! పీచా! ఒంటికి రంగేమైనా ఊడుతుందేమోనని చూస్తున్నావా?"

"అంటురోగం కాదాండి?"

"అంటూ కాదు, గింటూ కాదు. నువ్వు కడిగి కడిగి తెచ్చిపెట్టుకున్నది. ఇరవయ్యేళ్ళప్పుడు తోలు ఏం చేసినా ఊరుకుంటుంది. నలభై దాటాక ఒంట్లో జిడ్డు తగ్గిపోతుంది. అప్పుడు మనం దాన్ని చూసుకోవాలి."

"మరి మందు రాస్తారా?"

"ఒక పూతమందు ఇస్తాను. కానీ అలవాటు మార్చుకోకపోతే అదేం చెయ్యలేదు. బట్టల సబ్బు మానెయ్. ఒంటిసబ్బు కొంచెం చాలు. నిమ్మకాయ చారులోకి వాడుకో. కడిగాక మెత్తటి గుడ్డతో అద్దుకుని, తడి ఆరకముందే కొబ్బరినూనె రాయి. షెడ్డులో లోపల నూలు గ్లౌజులు, పైన రబ్బరువి వేసుకో. ఎండలో నడిచేటప్పుడు తల మీద కొంగు కప్పుకో. నీళ్ళు తాగుతున్నావా?"

"షెడ్డులో మాటిమాటికీ లేవనివ్వరండి."

"అందుకని తాగవు. నోరు తెరిచి అడుగు దుర్గా."

దుర్గకి అన్నింటికంటే కష్టమైంది ఆ మాటే. అయినా అడిగింది. రోజుకి రెండుసార్లు లేవనిచ్చారు. గ్లౌజులు చూసి పక్కనున్న బుల్లెమ్మ, "డాక్టరమ్మగారు ఆపరేషను చేస్తున్నారు, జరగండి" అని ఎగతాళి చేసింది. అందరూ నవ్వారు. దుర్గ కూడా నవ్వింది.

తోమకుండా ఊరుకోవడం తోమడం కంటే కష్టం. సాయంత్రం గబగబా కడిగేసి, అద్దుకుని, నూనె రాసుకుని, అరుగు మీద ఒక్కతే కూర్చునేది. పక్కింట్లో అప్పడాలు వత్తుతున్నారు. నవ్వులు వినిపించేవి. ఎప్పుడూ గోడ మీంచి "వదినా, రా" అని పిలిచే రత్నమాణిక్యం ఈసారి పిలవలేదు. పదో రోజుకి ఎరుపు తగ్గింది. పన్నెండో రోజుకి పగుళ్ళు మూసుకున్నాయి.

పద్నాలుగో రోజు తనే వెళ్ళి రత్నమాణిక్యం ముందు రెండు చేతులూ చాపింది.

"చూడు వదినా, తగ్గిపోయింది. అంటురోగం కాదని నర్సమ్మగారే చెప్పారు. రేపు నలుగు నేను పెడతాను."

రత్నమాణిక్యం చూసింది. "తగ్గింది వదినా, నిజమే." ఇబ్బందిగా పక్కకి తిరిగింది. "కానీ... ఏమీ అనుకోకు. రొయ్య వాసనొస్తోంది. మగపెళ్ళివారి ఆడవాళ్ళు కూడా వస్తారు కదా."

దుర్గ చేతులు దించుకుంది. తోమితే తోలు పోతుంది, తోమకపోతే వాసన పోదు. అదే అనుకుంటూ ఇంటికి వచ్చేసింది.

పెళ్ళినాడు పొద్దున్నే నలుగు పాట మొదలైంది. దుర్గ పొయ్యి దగ్గరే కూర్చుని విన్నది. పాట అయ్యాక కాసేపటికి దొడ్డిగుమ్మం కిర్రుమంది. తడిజుట్టుతో, భుజాల మీద తువ్వాలుతో లావణ్య.

"అత్తా, మంటెత్తిపోతోంది. పెద్దమ్మ శనగపిండి బరకగా మరాడించి తెచ్చి గీకేసింది. చూడు."

చేతులు రెండూ ఎర్రగా కందిపోయాయి.

"పిచ్చిపిల్లా, ఇలా రా. సబ్బు పెట్టావా?"

"పెట్టాను."

"ఇంక పెట్టకు. వారం దాకా పెట్టకు." దుర్గ చేతిలో నూనె పోసుకుని, మోచేతుల నుంచి మణికట్ల దాకా మెల్లగా పామింది. లావణ్య కళ్ళు మూసుకుంది.

"రొయ్యల కంపు, అత్తా" అంది, నవ్వుతూ, కళ్ళు తెరవకుండానే.

"అయితే పో."

"నేను పోను."

గోడవతల నుంచి కేక: "లావణ్యా! ఎక్కడ చచ్చావే? ముహూర్తం దాటిపోతోంది!" పిల్ల పరిగెత్తింది. రత్నమాణిక్యం గోడ మీంచి ఒకసారి తొంగిచూసింది. రమ్మని మాత్రం అనలేదు.

మధ్యాహ్నం బంతి భోజనాలకి దుర్గ వెళ్ళింది. ఆఖరి వరసలో చోటు దొరికింది. పక్కన కూర్చున్న రత్నమాణిక్యం అక్క, ఆ నరసాపురం ఆవిడ, ముక్కు ఎగబీల్చి, తన అరిటాకు కాస్త అవతలికి జరుపుకుంది. దుర్గ చూసింది. ఆకులో పప్పు వేయించుకుంది. అన్నం కలుపుకుని, ఎక్కడా తొందరపడకుండా, అంతా తిని లేచింది.