గెర్బర్ అంటే అర్థం

జర్మన్ ఇంజనీరు గెర్బర్‌కి అరవై మూడేళ్లు. సాల్మియాలోని ఫ్లాటు నుంచి దక్షిణాన ఉన్న ప్లాంటుకి ఆయన్ని రోజూ కారులో తీసుకెళ్లేవాడు మునీంద్ర. బతుకుతెరువుకి ఎడారి దేశం వచ్చిన అతనిది రాయచోటి దగ్గర పల్లె. నాలుగేళ్లుగా ఒకే కారులో తిరుగుతున్నా, ఇద్దరూ మాట్లాడుకున్నది ఎక్కువగా ట్రాఫిక్ గురించే.

ఉద్యోగం ముగిసే ఏడాది గెర్బర్‌కి తన ఇంటిపేరు మీద ధ్యాస మళ్లింది. సొంతూరి నుంచి పాత రిజిస్టర్ల నకళ్లు తెప్పించుకుని కారులో చదువుకునేవాడు. ఒక ఉదయం మహా సంబరంగా ఉన్నాడు.

"గెర్బర్ అంటే తోళ్లు ఊని పదును చేసేవాడు, మునీంద్రా! ఆ మాటకి మూలం 'సిద్ధం చేయడం' అట. ఐదు వందల ఏళ్ల కిందటి పన్నుల పుస్తకంలో మావాడు దొరికాడు. 'కుంజ్, తోళ్ల పనివాడు' అని రాశారు. అప్పటికది పని మాత్రమే, పేరు కాదు. తరవాత కొడుకు రొట్టెలు కాల్చాడు, మనవడు బడి పంతులయ్యాడు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది."

"మంచి పనే కదా సార్."

"ఊళ్లోవాళ్లకి కాదు. కంపు కొడుతుందని చెప్పి వాళ్లని గోడ అవతల, ఏటి దిగువన ఉంచేవారట. ఓక్ చెట్టు పట్ట నానబెట్టిన గుంటల్లో తోళ్లు నెలల తరబడి..."

"మా వైపు తంగేడు పట్ట వేస్తారు సార్," అనేశాడు మునీంద్ర.

గెర్బర్ కాగితాలు దించి అతని వైపు తిరిగాడు. "నీకెలా తెలుసు?"

"ఊళ్లో ఎవరో చేస్తుంటే చూశాను."

ఆ ఎవరో మునీంద్ర తాత. వాళ్ల ఇంటిపేరు తోళ్లవారు. పాస్‌పోర్టులో దాన్ని తీసేసి తండ్రి పేరు సిద్ధయ్య పెట్టించుకున్నాడు.

అబ్బాసియాలో ఆరుగురు ఉండే గదిలో అతనికి ఆ పేరే సుఖం. అందరూ రాయచోటి చుట్టుపక్కల పల్లెలవాళ్లే. ఒకే గిన్నెలో వండుకుంటారు. ఎవరూ ఇంటిపేరు అడగలేదు. అడుగుతారేమోనని అతనే తొమ్మిదేళ్లుగా భయపడుతున్నాడు.

రెండేళ్ల కిందట ఒక శుక్రవారం చిన్నాయన కొడుకు గంగాధర్ బ్యాగు మోసుకుని ఆ గది వాకిట్లోకి వచ్చాడు. దేశానికి కొత్త.

"తోళ్ల సిద్ధయ్య కొడుకు మునీంద్రన్న ఈడేనా ఉండేది?" అని లోపలికి కేకేశాడు.

గదిలోవాళ్లు తలెత్తారు. కూర కలుపుతున్న మునీంద్ర తిరిగి చూసి, "అట్లాంటోళ్లు ఈడ ఎవరూ లేరు," అన్నాడు.

అన్న ముఖంలోకి చూశాడు గంగాధర్. మరోమాట అడగకుండా బ్యాగెత్తుకుని మెట్లు దిగిపోయాడు.

గెర్బర్ కుంజ్ గురించి చెప్పినప్పుడల్లా మునీంద్రకి ఆ మెట్ల చప్పుడు వినిపించేది. ఉద్యోగం ముగించుకుని వెళ్తున్న ఆయన్ని ఎయిర్‌పోర్టులో దింపిన రోజు సామాను ట్రాలీ మీద పెడుతూ, నిజం చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాడు. గెర్బర్ చెయ్యి కలిపి, "మీ ఇంటిపేరు కథ కూడా ఎప్పుడైనా కనుక్కో," అని లోపలికి నడిచాడు. మునీంద్ర "అలాగే సార్" అన్నాడు, అంతే.

ఆ వారమే ఊరికి ఫోన్ చేసి గంగాధర్ చిరునామా తీసుకున్నాడు. మంగఫ్‌లో అతని కంపెనీవాళ్ల బిల్డింగు, మూడో అంతస్తు. తలుపు తీసిన గంగాధర్ చెప్పులేసుకుని బయటికొచ్చాడు. ఇద్దరూ కిందికి దిగి టీ కొట్టు దగ్గర నిలబడ్డారు.

"నేను చేసింది తప్పు గంగా. ఆ పొద్దు నిన్ను..."

"ఇడిసిపెట్టన్నా. మొదట్లో శానా ఏడ్చినాలే. తర్వాత నువ్వు చేసిందే మేలనిపించింది."

"ఏం మేలు?"

"నేనూ ఈడ ఎవరికీ చెప్పలా. ఇంటిపేరు అడిగితే వేరేది చెప్తాండా. నిన్ను చూసే నేర్చుకున్న్యా."

మునీంద్ర టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. తిట్టి ఉంటే భరించేవాడు.

"వద్దు గంగా, నువ్వన్నా చెప్పు," అన్నాడు.

"నువ్వు చెప్పినావా?"

మునీంద్ర టీకి డబ్బులు ఇచ్చి బయల్దేరాడు.

గంగాధర్ బస్‌స్టాప్ దాకా వచ్చాడు. అక్కడ అతని గదివాడొకడు ఎదురై, "ఎవరప్పా?" అని అడిగాడు.

"మా పక్క ఊరాయన," అన్నాడు గంగాధర్.

'నేను వీళ్ల పెదనాయన కొడుకుని.' ఆ ఒక్క మాట మునీంద్ర నాలుక చివరిదాకా వచ్చింది. బస్సు కూడా వచ్చింది. ఎక్కి కూర్చున్నాక కిటికీలోంచి చూస్తే, తమ్ముడు అప్పటికే వెనక్కి తిరిగి నడుస్తున్నాడు.