లేవని సీసా

ఆస్ట్రేలియా దక్షిణ తీరాన, కర్లూ రేవులో ఉన్నది ఒకే ఒక్క వైన్ షాపు, గ్లెనిస్‌ది. పొద్దున పదింటికి షట్టర్ ఎత్తి, ఫ్రిజ్‌ల అద్దాలు తుడుచుకుని కూర్చునేది. పాతికేళ్ల లోపుగా కనిపించిన ప్రతివాళ్లనీ వయసు కార్డు అడిగేది. ముప్పై దాటినవాళ్లు ఆ మాటకి మురిసిపోయేవాళ్లు. పదిహేడేళ్లవాళ్లు కార్డు ఇంట్లో మర్చిపోయామనేవాళ్లు.

కొన్నది ఎవరైనా సరే, పద్దెనిమిది నిండని కడుపులోకి పోయే సీసా ఆ కౌంటర్ మీంచి లేచేది కాదు. ఊళ్లో అది అందరికీ తెలిసిందే. దక్షిణపు గాలి వీస్తే చలేస్తుందన్నంత మామూలు సంగతి.

ఓ శుక్రవారం మధ్యాహ్నం పీతల పడవ డెస్మండ్ బీరు పెట్టె కౌంటర్ మీద పెట్టాడు. తిరిగి ఎత్తబోతే కదల్లేదు.

"ఎవరికి, డెస్?" అంది గ్లెనిస్.

"నాకే!" అని మళ్లీ లాగాడు. "సరేలే, మావాడికి పదిహేడు నిండుతున్నాయి, స్నేహితుల్ని పిలిచాడు. నా కొడుకు, నా ఇల్లు. నా కళ్లముందే తాగుతారు. నీకేం?"

"వచ్చే పిల్లలందరికీ నువ్వే నాన్నవా? రేపు వాళ్ల అమ్మలకేం చెప్తావ్? ఆ పెట్టె లేచినా నేను అమ్మను."

"కౌంటర్‌కి జిగురు పూశావే ముసల్దానా!" అని గొణుక్కుంటూ, నిమ్మసోడాలు పట్టుకుని వెళ్లాడు.

వెనక నిలబడ్డ రోవెనా ఫక్కున నవ్వింది. ఆమె, భర్త క్లెమ్ ఆల్చిప్పల షెడ్లో పని చేస్తారు. పిల్లల కోసం పదకొండేళ్లు అడిలైడ్ ఆస్పత్రుల చుట్టూ తిరిగి, రెండేళ్ల కిందటే ఆశ వదిలేశారు. శుక్రవారం సాయంత్రం ఇద్దరూ వరండాలో కూర్చుని ఓ సీసా తెల్ల వైన్ తాగుతారు. సీజన్ పనిలో పడి రెండు నెలలుగా అదీ లేదు.

రోవెనా కౌంటర్ మీద పెట్టిన వైన్ సీసా ఎత్తబోయింది. రాలేదు.

"ఏంటిది గ్లెనిస్? నాకు నలభై రెండు! కార్డు చూపించనా?"

గ్లెనిస్ నవ్వలేదు. ఇంకో సీసా తెచ్చి పెట్టింది. అదీ లేవలేదు.

"ఇది క్లెమ్ ఒక్కడికే, నువ్వు చుక్క కూడా ముట్టవు. అలా అనుకుని పట్టుకో, తల్లీ."

సీసా దూదిలా పైకొచ్చింది.

రోవెనా దాన్ని మెల్లగా కిందపెట్టింది. "పది రోజులుగా ఆల్చిప్పల వాసన పడట్లేదు," అంది చిన్నగా. "నెలసరి తప్పితే, వయసు మీద పడిందిలే అనుకున్నా."

గ్లెనిస్ కౌంటర్ చుట్టూ తిరిగొచ్చి స్టూలు వేసింది. రోవెనా కూర్చుని, షెడ్డుకి ఫోన్ చేసింది.

"క్లెమ్, ఇవాళ వైన్ నువ్వొక్కడివే తాగాలి."

"ఏం, ఒంట్లో బాలేదా?"

"సీసా లేవలేదు, క్లెమ్. నా చేతికి లేవలేదు."

అవతల ఆల్చిప్పల తట్ట నేల మీద పడ్డ చప్పుడు.