ఛాయాదేవి రివాల్వర్‌కి చిరోటి రవ్వ

ఆ ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు ఛాయాదేవి ట్రిగ్గర్ నొక్కితే రివాల్వర్ ‘టప్’ అని ఊరుకుంది. మంట లేదు, పొగ లేదు, గుండు బయటికి రాలేదు. ఆమె రివాల్వర్‌ని టార్గెట్ వైపే పట్టుకుని, ఎడమచెయ్యి పైకెత్తి, మనసులో అరవై దాకా లెక్కపెట్టింది. షూటింగ్ రేంజ్ అధికారి మంజునాథ్ వచ్చి బ్యారెల్‌లోకి కడ్డీ దించి చూశాడు. గుండు అరలోనే ఉంది. రెండో అర కాల్చమన్నాడు. మళ్ళీ ‘టప్’. మూడోది కాల్చనివ్వలేదు.

“అమ్మా, ఈ మందు పనికి రాదు. అంతా ఖాళీ చేసేద్దాం,” అన్నాడు.

పదకొండు గంటలకు పోటీలో ఆమె వంతు. ఇది దానికి ముందు చేతికి అలవాటయ్యేందుకు కాల్చే కాల్పు మాత్రమే. ఛాయాదేవి నిన్న సాయంత్రం క్లబ్బులోనే కొలిచి, నింపి, లాకర్లో పెట్టి వెళ్ళిన చిన్న గొట్టాల్లో ఒకదాని మూత తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తుపాకిమందు వాసనకు బదులు కమ్మటి నెయ్యి వాసన వచ్చింది.

ఛాయాదేవికి యాభై తొమ్మిదేళ్ళు. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి ముందుగానే రిటైరైంది. వయసులో ఉండగా పిస్టల్‌తో రాష్ట్రస్థాయి దాటి ఆడి పతకాలు గెలిచింది. ఆ పతకాల పుణ్యాన, రెండేళ్ళు కాగితాలు పట్టుకుని తిరిగి, లైసెన్సు మీద ఇటలీలో చేసిన ఈ రివాల్వర్ తెప్పించుకుంది. నూట అరవై ఏళ్ళ కిందటి నమూనాకు నకలు అది. తూటాలుండవు. ఆరు అరల్లోనూ ఒక్కొక్కదాంట్లో కొలిచి మందు పొయ్యాలి, మందుమీద కొంచెం రవ్వ పొయ్యాలి, ఆ పైన సీసపు గుండు పెట్టి బ్యారెల్ కింది మీటతో లోపలికి దట్టించాలి. గుండు మీద మైనం రాయాలి. చివరికి అర వెనకాల, దీపావళి బిళ్ళంత రాగి టోపీ తొడగాలి. సుత్తి ఆ టోపీని కొడితే నిప్పు పుట్టి మందుకు అంటుకుంటుంది. రవ్వ లేకపోతే ఆ కొద్దిపాటి మందు మీద గుండు అరలో బాగా లోతుకు దిగిపోతుంది, గురి కుదరదు. ఒక్కో గుండుకు సరిపడా మందూ, దానిమీద రవ్వా కలిపి ముందే ఆ గొట్టాల్లో నింపి పెట్టుకుంటుంది.

ఛాయాదేవి ఇంటికి ఫోన్ చేసింది.

“ఏమండీ, డబ్బాలో రవ్వను ఏం చేసినారు?”

“ఏం చేసేది? పురుగు పడకుండా వేయించి పెట్టినా,” అన్నాడు ఆమె భర్త గురుమూర్తి. తాను రిటైరయ్యాక వంటిల్లు ఆయన చేతికి వచ్చింది.

“ఉత్తదే వేయించినారా?”

“రెండు చెంచాల నెయ్యి వేసినా, కమ్మగా ఉంటాదని. ఏం, ఉప్మా బాగలేదా?”

“ఉప్మా కాదండీ, తుపాకి! నా మందంతా రాత్రికి రాత్రి నెయ్యి తాగేసి ఉండాది!”

“తుపాకిలో రవ్వ వేస్తారా?”

“పదకొండేళ్ళుగా వేస్తా ఉండాను.”

“నువ్వు చెంచాలతో కొలిచి తీసుకొనిపోతా ఉంటే, క్లబ్బులో ఉప్మా చేసుకుంటారేమో అనుకొంటి కదే ఇన్నాళ్ళూ!”

ఛాయాదేవికి కోపం రావలసిన చోట నవ్వు వచ్చింది. పక్క బల్ల దగ్గర సమీనా కూడా పకపకా నవ్వింది. సమీనాది కర్నూలు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. ఈ క్లబ్బులో పాతకాలపు రివాల్వర్ కాల్చేవాళ్ళు నలుగురే. వాళ్ళలో ఛాయాదేవికి గట్టిపోటీ ఆ పిల్లే.

“నేను రవ్వ బదులు ఉన్ని ఫెల్ట్ బిళ్ళలు పెడతాను ఆంటీ, ఇస్తాను గానీ మీ అరల్లో టైట్‌గా కూర్చోవు, నా గన్ చిన్న సైజు కదా,” అంది సమీనా. “అంకుల్‌ని రమ్మనండి. మీ ఇల్లు చందాపురే కదా, హాఫ్ అవర్.”

గురుమూర్తి ఆ రేంజ్ ముఖం ఎన్నడూ చూడలేదు. జిగణిలో ఒక ఫ్యాక్టరీలో, ఇనుము ఒత్తే ప్రెస్సుల పక్కన, పనిముట్లు తయారుచేసే టూల్‌రూములో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. చప్పుడంటే ఇక చాలు అనేవాడు. పైగా ఆ రివాల్వర్ అంటే ఆయనకు వేళాకోళం. “ఆరు గుండ్లు నింపేదానికి పావుగంట. అంతలో శత్రువు కాఫీ తాగి ఇంటికి పోతాడు,” అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పేవాడు. అందుకే ఛాయాదేవి కాస్త మొహమాటంగానే అడిగింది.

“వేయించని రవ్వ ఒక్క పొట్లం తెస్తారా?”

“తెస్తా ఉండా,” అని ఫోన్ పెట్టేశాడాయన.

ఆదివారం కొట్టు తెరిచేదాకా ఆగాడేమో, పదింటికి ఆనేకల్ దాటాక రేంజ్ ఉన్న రాతి క్వారీలో ఆయన స్కూటర్ ఆగింది. హెల్మెట్ తియ్యకుండానే లోపలికి వచ్చి, సంచిలోంచి మూడు పొట్లాలు బల్లమీద పెట్టాడు. బొంబాయి రవ్వ, బన్సీ రవ్వ, అన్నిటికన్నా సన్నటి చిరోటి రవ్వ.

“దానికి ఏది తినిపిస్తావో తెలీదు. అన్నీ తెచ్చినా.”

“ఎప్పుడూ బొంబాయి రవ్వే,” అంది ఛాయాదేవి.

మంజునాథ్ కొట్లో సరుకు ఎంచినట్టు మూడూ చూసి, ఏదైనా ఫరవాలేదన్నాడు. అరలన్నీ అప్పటికే ఖాళీ చేసి, కడిగి, తుడిచి ఉన్నాయి. ఛాయాదేవి ఒక అరలో కొత్తగా మందూ, దానిమీద బొంబాయి రవ్వా పోసింది. గురుమూర్తి కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగాడు. ఆమె ఒక గుండును అర మీద పెట్టి మీట నొక్కగానే, అరకన్నా పిసరంత లావుగా ఉన్న ఆ సీసం చుట్టూ చెక్కుకుని, దారమంత సన్నటి ఉంగరమై పైన మిగిలింది. గుండు లోపల బిగుసుకుపోయింది.

గురుమూర్తి ఆ ఉంగరాన్ని చూపుడువేలి మీదికి తీసుకున్నాడు. వెలుతురుకు పెట్టి తిప్పాడు.

“ఛాయా,” అన్నాడు మెల్లగా, “ఇది ఒత్తి బిగించే ప్రెస్ ఫిట్టు కదే!”

“ఊ.”

“ముప్పై ఏళ్ళు నేను ఇదే పని చేసినా. ఒక్కరోజన్నా చెప్పినావా?”

“మీరు ఒక్కరోజన్నా చూసినారా?”

ఆయన పొట్లాలు విప్పాడు. రవ్వలు మూడూ చిటికెడు చిటికెడు తీసుకుని వేళ్ళమధ్య రాశాడు. చిరోటి రవ్వ దగ్గర ఆగాడు. “బొంబాయి రవ్వలో పలుకు పలుక్కీ తేడా ఉండాది. ఇది అంతా ఒకే సైజు. నొక్కితే సమంగా కూర్చుంటాది. దీన్ని వేసి చూడు.”

పోటీకి ముప్పావుగంట ముందు ఏదీ మార్చకూడదని ఏ ఆటగాణ్ణి అడిగినా చెబుతాడు. ఛాయాదేవి ఆయన మొహంలోకి చూసింది. టూల్‌రూము వదిలిన ఇన్నేళ్ళకు ఆ కళ్ళలో మళ్ళీ ఆ పని వెలుగు కనిపించింది. తరవాతి రెండు అరల్లో చిరోటి రవ్వే పోసింది. మూడూ కాల్చి చూసింది. చిరోటి రవ్వవి రెండూ పక్కపక్కనే పడ్డాయి. ఆ మోతకు మాత్రం గురుమూర్తి చెవులు మూసుకుని స్తంభం వెనక్కి పోయాడు.

పదకొండుకు వంతు మొదలైంది. ఇరవై ఐదు మీటర్ల దూరం. ముప్పై నిమిషాల్లో పదమూడు గుండ్లు, వాటిలో మంచివి పది లెక్కకు తీసుకుంటారు. ఆమె ఒక అర ఖాళీగా ఉంచి, విడతకు ఐదు చొప్పున నింపుకుంది. మొదటి ఐదూ బాగా పడ్డాయి. తెల్లటి పొగ దట్టంగా లేచి, క్వారీ గాలికి మెల్లగా కదిలేదాకా టార్గెట్ కనబడేది కాదు. ఆ పొగలో నవ్వుతూ నిలబడడం ఛాయాదేవికి ఇష్టం. రెండో విడతలో మూడోది కాల్చాక సుత్తి వెనక్కి రాలేదు. పగిలిన టోపీ ముక్క ఒకటి లోపల ఇరుక్కుంది.

గీత వెనక గురుమూర్తి లేచి నిలబడ్డాడు. “సన్న పట్టకారు ఉంటే అర నిమిషం పని,” అని గొణిగాడు. ముందుకు అడుగు వేయబోతే మంజునాథ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“సార్, గీత దాటకూడదు. మాటసాయం కూడా కుదరదు.”

“నేను ఏం మాట్లాడలేదు కదప్పా!”

“పట్టకారు అన్నారు సార్.”

గురుమూర్తి నోరు మూసుకుని కూర్చున్నాడు. ఛాయాదేవి తొందరపడలేదు. బ్యారెల్ మొన టార్గెట్ వైపే ఉంచి, వేలికొనతో వెతికి, రాగి ముక్కను పైకి లాగింది. అప్పటికి ఆరు నిమిషాలు పోయాయి. మిగిలిన రెండూ కాల్చి, చివరి మూడు అరలూ నింపేసరికి గడియారంలో నాలుగు నిమిషాలే ఉన్నాయి. ఒకటి కాల్చింది. పొగ పోయేదాకా ఆగింది. ఇంకొకటి. ఆఖరిది పేలాక మంజునాథ్ విజిల్ వేశాడు.

కాగితాలు లెక్క తేలాయి. సమీనాకు నూటికి ఎనభై ఆరు. ఛాయాదేవికి ఎనభై ఐదు. పదకొండేళ్ళలో ఆమె ఎనభై ఒకటి దాటింది లేదు.

“ఆంటీ, టోపీ ఇరుక్కోకపోతే నా పని అయిపోయేది,” అంటూ సమీనా ఆమెను వాటేసుకుంది. ఇద్దరి ముక్కుల మీదా మసి. ఛాయాదేవి చిన్నపిల్లలా రెండో స్థానం పతకాన్ని పళ్ళతో కొరికి ఫోటో దిగింది. గురుమూర్తి కాగితం అందుకుని, నడి వృత్తం చుట్టూ గుండ్ల చిల్లుల మధ్య దూరాన్ని బొటనవేలి గోటితో కొలుస్తూ నిలబడ్డాడు.

“మీరు ఒకటి కాలుస్తారా?” అంది ఛాయాదేవి.

“నాకెందుకు? నాకు చప్పుడు పడదు.”

“పడదు కదా, మరి ఆ చేతులెందుకు అట్ల తుడుచుకుంటా ఉండారు?”

ఒకరోజు సభ్యత్వం కాగితం మీద సంతకం పెట్టించి, చెవులకు మందపాటి తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టి, మంజునాథ్ ఆయన పక్కన నిలబడ్డాడు. రెండు అరలు ఛాయాదేవి దగ్గరుండి ఆయన చేతనే నింపించింది. మీట ఒత్తేటప్పుడు ఆయన ఊపిరి కూడా పీల్చలేదు.

మొదటిసారి కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని నొక్కాడు. మోత. గుండు టార్గెట్ వెనకనున్న మట్టికట్టలోకి ఎక్కడికో పోయింది. పొగలోంచి ఎవరో గట్టిగా నవ్వుతున్న చప్పుడు వచ్చింది. అది గురుమూర్తే. సంసారం మొదలుపెట్టిన ముప్పై నాలుగేళ్ళలో ఛాయాదేవి అంత పెద్ద నవ్వు ఆయన గొంతులో వినలేదు.

“కళ్ళు తెరుచుకోండి!” అని అరిచింది.

“తెరిస్తే ఏం కనబడతాది, అంతా మబ్బే కదా!”

రెండోది కళ్ళు తెరిచే కాల్చాడు. కాగితం కింది మూలకు తగిలింది. నలుగురూ చప్పట్లు కొట్టారు. ఆయన రివాల్వర్ జాగ్రత్తగా బల్లమీద పెట్టి, వెనక్కి తిరిగి, పతకం తనకే వచ్చినట్టు అందరికీ నమస్కారం పెట్టాడు.

బయల్దేరేముందు గురుమూర్తి మంజునాథ్ దగ్గర కుర్చీ లాక్కుని శాశ్వత సభ్యత్వం దరఖాస్తు అడిగి తీసుకున్నాడు. పేరు, వయసు, చిరునామా గుండ్రటి అక్షరాలతో నింపాడు. ‘క్లబ్బులో చేరడానికి కారణం’ అన్న చోట కలం ఆపి, భార్య వైపు చూసి, చాలాసేపు ఆలోచించాడు. తరవాత ‘పొగ చాలా బాగుండాది’ అని రాసి, కింద సంతకం చేశాడు.