నాయన ఉండే తావు

తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే మిషన్ మీద ఓబిలేష్ ఇరవై రెండేండ్లు పనిచేసినాడు. ఆ రొదకు వినికిడి కొంచెం కొంచెంగా తగ్గి, పోయిన ఎండాకాలం పూర్తిగా పోయింది. అప్పట్నుంచి భార్య సరళ ఏం చెప్పాలన్నా ఫోన్‌లో రాసి చూపించేది.

ఆదివారం చర్చికి మటుకు ఇద్దరూ పోయేవాళ్ళు. అందరూ కండ్లు మూసుకుని ప్రార్థన చేస్తాంటే, ఓబిలేష్ కదిలే పెదాలను చూస్తా కూర్చునేవాడు. తన గొంతు తనకే వినపడనప్పట్నుంచి అతను ప్రార్థన మానేసినాడు.

"యాడో పైన ఉండే నాయనకు నా మాట చేరిందో లేదో నాకెట్ల తెలుస్తాది?" అన్నాడొకసారి.

సరళ ఆ సంగతి సంఘపెద్ద కుళ్ళాయప్పకు చెప్పింది. ఆ వారం ఆరాధన అయినాక ఆ ముసలాయన ఓబిలేష్ పక్కన కూర్చున్నాడు. అతని చెయ్యి పట్టుకుని అతని రొమ్ము మీదే ఆనించి, మాట్లాడమన్నట్టు సైగ చేసినాడు.

ఓబిలేష్‌కు సిగ్గేసింది. అయినా "నాయనా" అన్నాడు.

అరచేతి కింద ఎముక వణికింది. మళ్ళీ అన్నాడు. పరలోక ప్రార్థన మొదట్నుంచి కడదాకా చెప్పినాడు. ఒక్కో మాటా లోపల పుట్టి చేతికి తగిలింది. చెప్పేది అయిపోయి, చెయ్యి తీయబోయి ఆగినాడు.

ఇన్ని నెలలూ అతని లోపలి నిశ్శబ్దం తలుపు తీసిన ఖాళీ ఇంటి మాదిరి ఉండేది. ఇప్పుడు అందులో ఎవరో ఉన్నారు. గుండె కొట్టుకునేది వేరేగా తెలుస్తానే ఉంది. దానికీ వెనక, కదలకుండా, తన మాటంతా విని ఇంకా వింటా ఉన్నారు.

"సరళా, ఈడుండాడు," అన్నాడు. గొంతు పెద్దదైందని అతనికి తెలీదు. వాకిట్లో జనం తిరిగి చూసినారు.

"ఎవరు?" అని రాసింది సరళ.

"నాయన. నేను పిలవకముందే ఉండాడు."

కుళ్ళాయప్ప కండ్లు తుడుచుకున్నాడు. "గొంతు చేతికి తెలిస్తే ధైర్యమొస్తాదనుకున్న్యానమ్మా," అన్నాడు సరళతో. "ఇది నేను నేర్పింది కాదు. నాకే తెలీదు."

సరళ భర్త రొమ్ము మీద చెయ్యి పెట్టి చూసింది. "నాకేం తెలీడంల్యా" అని రాసింది.

"నాలో ఎతికితే ఎట్లా? నీలో చూడు," అన్నాడు ఓబిలేష్, మెల్లగా.

ఇంటికి పోయేటప్పుడు అతను నిండు బిందె ఎత్తుకున్న మనిషి మాదిరి నిదానంగా నడిచినాడు. సరళ కూడా అడుగు తగ్గించి, ఏమీ రాయకుండా, పక్కనే నడిచింది.